స్టూడియో కోసం అనలాగ్ ఆడియో పరికరాలు తయారు చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అంతా కంప్యూటర్‌లోనే జరుగుతున్నప్పుడు అనలాగ్ పరికరాలు తయారు చేయడం ఎందుకు?

మైక్ ఇచ్చే సిగ్నల్ చాలాసార్లు కొన్ని మిల్లీవోల్టులే ఉంటుంది. దాన్ని కన్వర్టర్ (సిగ్నల్‌ను కంప్యూటర్ అంకెలుగా మార్చే భాగం) అందుకోగలిగే స్థాయికి పెంచాల్సింది అనలాగ్ సర్క్యూటే. ఆ దశలో రొద చేరినా, పాట ఉధృతిలో శిఖరాలు తెగిపోయినా, ఆ తర్వాత ఏ ప్లగిన్ (కంప్యూటర్‌లో శబ్దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్) కూడా పోయినదాన్ని తిరిగి తేలేదు. అందుకే ఆ పని చేసే మైక్ ప్రీఆంప్ అవసరం గురించి వాదనే లేదు. శబ్దంలో హెచ్చుతగ్గులను అదుపు చేసే కంప్రెసర్, స్వరాల పాళ్లు మార్చే ఈక్యూ మాత్రం ఇష్టాన్ని బట్టి. రికార్డ్ చేస్తున్నప్పుడే శబ్దాన్ని తీర్చిదిద్ది, ఆ నిర్ణయానికి కట్టుబడే పద్ధతి నచ్చినవాళ్లకు అవి కావాలి.

ఇంకో కారణం కూడా ఉంది. తన చేత్తో కట్టిన పరికరాన్ని మనిషి విప్పగలడు, బాగుచేయగలడు. శ్రద్ధగా కట్టిన ప్రీఆంప్ ముప్పై ఏళ్లు పనిచేస్తుంది. దాని స్కీమాటిక్ (సర్క్యూట్ పటం) మన దగ్గర ఉంటే ఆ తర్వాత కూడా పనిచేస్తుంది.

ఎలక్ట్రానిక్స్ చదవలేదు. దేనితో మొదలుపెట్టాలి?

ఓమ్ సూత్రం, వోల్టేజ్ డివైడర్, రెసిస్టర్-కెపాసిటర్ ఫిల్టర్, ఆప్ ఆంప్‌ను (సిగ్నల్‌ను పెంచే చిప్) ఇన్వర్టింగ్‌గా (సిగ్నల్‌ను తిరగేసి), నాన్ ఇన్వర్టింగ్‌గా (తిరగేయకుండా) వాడటం. ఈ నాలుగూ కాగితం మీద లెక్కగట్టగలిగితే స్టూడియో స్కీమాటిక్‌లలో చాలా భాగం చదవగలరు. ఎల్‌టీస్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో అదే సర్క్యూట్ గీసి చూస్తే లెక్క సరిపోయిందో లేదో వెంటనే తెలుస్తుంది.

మొదటి పనిగా పాసివ్ డీఐ బాక్స్ (గిటార్ లాంటి వాటిని మైక్ ఇన్‌పుట్‌కు కలిపే పెట్టె) కట్టండి. ఒక ట్రాన్స్‌ఫార్మర్, రెండు సాకెట్లు, ఎర్త్ తప్పించే ఒక స్విచ్ చాలు. కరెంటుతో పనే లేదు. తర్వాత లైన్ ఆంప్లిఫయర్, ఆ తర్వాత మైక్ ప్రీఆంప్, కంప్రెసర్ చివరన. ఇంటర్నెట్‌లో ఫొటో చూసి మొదటి రోజే వాల్వ్ (గాజు ట్యూబ్) కంప్రెసర్‌కు సామాను కొనేవాళ్లను చాలామందిని చూశాను. ఆ పెట్టెలు ఎక్కువగా సగంలోనే ఆగిపోతాయి.

ప్లస్ 4, మైనస్ 10 అంటే ఏమిటి?

రెండూ లైన్ లెవెల్ (పరికరాల మధ్య నడిచే సిగ్నల్ స్థాయి) కొలతలే, కానీ వాటి ఆధారాలు వేరు. డీబీయూలో సున్నా అంటే 0.775 వోల్టులు. 600 ఓమ్‌ల లోడ్‌లో 1 మిల్లీవాట్ ఖర్చు కావడానికి కావాల్సిన వోల్టేజ్ అది, టెలిఫోన్ లైన్ల కాలం నుంచి వచ్చిన లెక్క. ప్రొఫెషనల్ స్థాయి ప్లస్ 4 డీబీయూ అంటే 1.228 వోల్టులు. ఇళ్లలో వాడే పరికరాల మైనస్ 10 మాత్రం డీబీవీలో ఉంటుంది. అక్కడ సున్నా అంటే 1 వోల్ట్ కాబట్టి మైనస్ 10 అంటే 0.316 వోల్టులు. రెండింటి మధ్య తేడా 14 డెసిబెల్స్ అని చాలామంది అనుకుంటారు, నిజానికి అది దాదాపు 11.8.

హెడ్‌రూమ్ ఎంత ఉండాలి? దాన్ని ఎలా లెక్కపెట్టాలి?

హెడ్‌రూమ్ అంటే సగటు స్థాయికీ, సిగ్నల్ తెగిపోయే స్థాయికీ మధ్య మిగిలే ఖాళీ. ±15 వోల్టుల సప్లై మీద మామూలు ఆప్ ఆంప్ దాదాపు ±13 వోల్టుల దాకా ఊగగలదు. అంటే 9.2 వోల్టుల ఆర్‌ఎంఎస్, సుమారు ప్లస్ 21.5 డీబీయూ. సగటు స్థాయి ప్లస్ 4 దగ్గర ఉంటే పైన 17 డెసిబెల్స్ మిగులుతాయి. గొంతుకు, గిటార్‌కు ఇది సరిపోతుంది. డప్పు, డ్రమ్స్ లాంటి వాటికి ఒక్కోసారి చాలదు. అవుట్‌పుట్‌లో హాట్, కోల్డ్ (సిగ్నల్ తీసుకుపోయే రెండు తీగలు) రెండింటినీ ఎదురెదురుగా నడిపితే మరో 6 డెసిబెల్స్ వస్తాయి.

ఈ లెక్కను చివరి దశకే వేసి ఊరుకోవద్దు. పెట్టె లోపలి ప్రతి దశకూ వేయండి. ఈక్యూలో 15 డెసిబెల్స్ పెంచితే ఆ దశ ముందే తెగిపోవచ్చు. తర్వాత ఉన్న వాల్యూమ్ నాబ్ తగ్గించినా తెగింది తెగినట్టే ఉంటుంది. స్కీమాటిక్ పక్కన ప్రతి దశ దగ్గరా మామూలు స్థాయి ఎంత, గరిష్ఠ స్థాయి ఎంత అని పెన్సిల్‌తో రాసుకోండి. పార్టుల బ్రాండ్ల గురించి వెచ్చించే సమయంలో పదో వంతు ఈ పనికి పెడితే పరికరం శబ్దం గట్టిగా మెరుగుపడుతుంది. నేను ఇతరుల డిజైన్ చూసేటప్పుడు మొదట అడిగేది కూడా ఇదే.

నా ప్రీఆంప్‌లో హిస్ (బుస లాంటి రొద) వస్తోంది. ఎంత తక్కువకు తేవచ్చు?

దానికి ప్రకృతే ఒక హద్దు పెట్టింది. ఏ రెసిస్టెన్స్ అయినా వేడి వల్ల కొంత రొద పుట్టిస్తుంది. 150 ఓమ్‌ల మైక్ విషయంలో, గది ఉష్ణోగ్రత దగ్గర, 20 కిలోహెర్ట్జ్ వెడల్పులో అది 0.22 మైక్రోవోల్టులు. అంటే దాదాపు మైనస్ 131 డీబీయూ. ప్రీఆంప్‌లో ఒక్క ట్రాన్సిస్టర్ కూడా రొద చేయకపోయినా ఇంతకంటే కిందికి పోలేం. మంచి ప్రీఆంప్‌లు ఎక్కువ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) దగ్గర మైనస్ 127 నుంచి మైనస్ 129 మధ్య ఉంటాయి. మైనస్ 140 అని ఎవరైనా రాస్తే ఇన్‌పుట్‌ను షార్ట్ చేసి కొలిచారో, ఏ వెయిటింగ్ (చెవికి తగ్గట్టు కొలతను సర్దే ఫిల్టర్) వాడారో అడగండి.

తగ్గించడానికి మొదటి సూత్రం: కావాల్సిన గెయిన్‌ను వీలైనంతవరకు మొదటి దశలోనే తీసుకోవాలి. అక్కడ సిగ్నల్ పెరిగిపోతే తర్వాతి దశల రొద లెక్కలోకి రాదు. రెండోది, మొదటి దశ చుట్టూ ఉన్న రెసిస్టర్ల విలువలు. గెయిన్ నిర్ణయించే రెసిస్టర్ 1 కిలో ఓమ్ ఉంటే, దాని రొద మైక్ రొదను మించిపోతుంది. అక్కడ పదుల ఓమ్‌లలో ఉండాలి.

మిక్సర్ కట్టేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. 24 ఛానెళ్లను కలిపే సమ్మింగ్ ఆంప్‌లో సిగ్నల్‌కు గెయిన్ ఒకటే ఉన్నా, ఆ ఆంప్ సొంత రొదకు గెయిన్ 25. అంటే 28 డెసిబెల్స్. మిక్సర్ మొత్తంలో అతి మంచి ఆప్ ఆంప్ పెట్టాల్సిన చోటు అదే.

ఏ ఆప్ ఆంప్ వాడాలి? పాతది తీసి ఖరీదైనది పెడితే శబ్దం మారుతుందా?

లైన్ స్థాయిలో ఎన్‌ఈ5532 ఇప్పటికీ చాలా మంచిది. 1970ల చివర్లో వచ్చింది, రొద రూట్ హెర్ట్జ్‌కు 5 నానోవోల్టులు, 600 ఓమ్‌లను కూడా తేలిగ్గా నడుపుతుంది. టీఎల్072 రొద 18 నానోవోల్టులు. కానీ దాని ఇన్‌పుట్ కరెంటు అతి స్వల్పం కాబట్టి ఎక్కువ ఇంపెడెన్స్ (ఏసీ సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) ఉన్న చోట, ఉదాహరణకు గిటార్ ఇన్‌పుట్‌లో, అదే మేలు. మైక్‌కు ఇవి రెండూ నేరుగా సరిపోవు. ముందు ట్రాన్స్‌ఫార్మరైనా, ట్రాన్సిస్టర్ జతైనా, థాట్ కంపెనీ 1510, 1512 లాంటి ప్రత్యేక చిప్ అయినా కావాలి.

సాకెట్‌లో చిప్ మార్చి తేడా వినిపించిందనేవాళ్ల మాటను నేను కొట్టిపారేయను. అయితే చాలాసార్లు ఆ తేడాకు కారణం కొత్త చిప్ గుట్టుగా ఆసిలేట్ అవుతూ (సిగ్నల్ లేకుండానే తనంతట తాను కంపిస్తూ) ఉండటమే. వేగం ఎక్కువున్న చిప్‌ను పాత బోర్డులో పెట్టినప్పుడు ఆసిలోస్కోప్‌తో (సిగ్నల్ ఆకారం చూపే యంత్రం) చూడకుండా తీర్పు చెప్పకూడదు.

ఆసిలేట్ అవుతోందని ఎలా తెలుస్తుంది?

చిప్ అకారణంగా వేడెక్కుతుంది, అవుట్‌పుట్‌లో డీసీ కనిపిస్తుంది, పై స్వరాలు గరుగ్గా ఉంటాయి. స్కోప్‌లో చూస్తే మెగాహెర్ట్జ్‌లలో మందపాటి పట్టీ కనిపిస్తుంది. ప్రతి చిప్ సప్లై కాళ్లకు ఆనుకుని 100 నానోఫారడ్ కెపాసిటర్ ఉందో లేదో ముందు చూడండి. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ మీద 22 నుంచి 47 పికోఫారడ్లు పెట్టండి. బయటికి పోయే ప్రతి అవుట్‌పుట్‌లో 47 నుంచి 100 ఓమ్‌ల రెసిస్టర్ వేయండి, లేకపోతే పొడవాటి కేబుల్ కెపాసిటెన్స్ ఆప్ ఆంప్‌ను కలవరపెడుతుంది. ఎన్‌ఈ5534 మూడుకంటే తక్కువ గెయిన్‌లో నిలకడగా ఉండదు. దానికి విడిగా 22 పికోఫారడ్ల కాంపెన్సేషన్ కెపాసిటర్ కావాలి.

ఇన్‌పుట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరా?

తప్పనిసరి కాదు. కానీ అది ఒక్కటే చేసే పనులు కొన్ని ఉన్నాయి. 1:10 ట్రాన్స్‌ఫార్మర్ దాదాపు రొద లేకుండా 20 డెసిబెల్స్ గెయిన్ ఇస్తుంది. ఇంపెడెన్స్ నిష్పత్తి వర్గంలో మారుతుంది కాబట్టి 150 ఓమ్‌ల మైక్ అవతలి వైపు 15 కిలో ఓమ్‌లుగా కనిపిస్తుంది. వాల్వులకు అలాంటి సోర్సే హాయి. రెండు పరికరాల మధ్య విద్యుత్ సంబంధాన్ని పూర్తిగా తెంచుతుంది కాబట్టి హమ్ (కరెంటు లైన్ నుంచి వచ్చే గుంయ్ అనే రొద) సమస్యలు తగ్గుతాయి. బాస్‌లో స్థాయి పెరిగినప్పుడు కోర్ సంతృప్తమై మూడో హార్మోనిక్ (అసలు స్వరానికి మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ) కలుస్తుంది. నీవ్ 1073 లాంటి పాత మాడ్యూళ్ల శబ్దంలో చాలామందికి నచ్చే నిండుదనంలో దానికీ వాటా ఉంది.

చౌక ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం వద్దు. మ్యూ మెటల్ (అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకునే లోహం) కవచం లేనిది పక్కనున్న పవర్ ట్రాన్స్‌ఫార్మర్ హమ్‌ను పట్టుకుంటుంది. మంచిది కొనే స్తోమత లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ లేని డిజైన్ కట్టడమే నయం.

ఫాంటమ్ పవర్ విషయంలో జాగ్రత్తలేమిటి?

ఫాంటమ్ పవర్ అంటే కండెన్సర్ మైక్‌కు సిగ్నల్ కేబుల్‌లోనే పంపే కరెంటు. 48 వోల్టులను రెండు 6.8 కిలో ఓమ్‌ల రెసిస్టర్ల ద్వారా ఎక్స్‌ఎల్‌ఆర్ (మైక్ కేబుల్ మూడు పిన్‌ల సాకెట్) రెండో పిన్‌కు, మూడో పిన్‌కు ఇస్తారు. ఆ రెండింటి విలువల మధ్య తేడా 0.4 శాతానికి మించకూడదు. లేకపోతే బ్యాలెన్స్ చెడి బయటి రొద లోపలికి వస్తుంది. ఒక శాతం రెసిస్టర్లు కొని, మీటర్‌తో కొలిచి జతలు ఎంచుకోండి.

అసలు ప్రమాదం ఇంకో చోట ఉంది. ఇన్‌పుట్ బ్లాకింగ్ కెపాసిటర్లు 48 వోల్టులకు ఛార్జ్ అయి ఉన్నప్పుడు ఎవరైనా షార్ట్ ఉన్న కేబుల్ గుచ్చితే, ప్రీఆంప్ చిప్ ఇన్‌పుట్ ఒక్క క్షణం మైనస్ 48 వోల్టుల వైపు దూకుతుంది. కొన్ని ఆంపియర్ల కరెంటు పోతుంది. చిప్ ముందు 10 ఓమ్‌ల రెసిస్టర్లు, సప్లైలకు మళ్లించే గట్టి డయోడ్లు తప్పకుండా ఉండాలి. చవక బోర్డుల్లో ఇవి వదిలేస్తారు. అలాంటి ప్రీఆంప్ వెంటనే చచ్చిపోదు, దెబ్బతిన్న చిప్‌తో రోజురోజుకూ రొద పెంచుకుంటూ పోతుంది. కారణం ఎవరికీ అర్థం కాదు.

పవర్ సప్లై ఎలా ఉండాలి?

టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జ్ రెక్టిఫయర్, ఫిల్టర్ కెపాసిటర్లు, ఎల్‌ఎం317, ఎల్‌ఎం337 రెగ్యులేటర్లు. దీంతో మంచి సప్లై వస్తుంది. 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ నుంచి రెక్టిఫయర్ తర్వాత దాదాపు 20 వోల్టులు వస్తాయి, ±15కు సరిపోతుంది. ±17 కావాలంటే 18-0-18 తీసుకోండి. 200 మిల్లీఆంపియర్ల లోడ్‌కు 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే రిపుల్ (డీసీలో మిగిలే ఎగుడుదిగుడు) దాదాపు 0.9 వోల్ట్ ఉంటుంది. రెగ్యులేటర్ దాన్ని తొక్కేస్తుంది. అడ్జస్ట్ కాలుకు 10 మైక్రోఫారడ్లు తగిలిస్తే ఇంకా బాగా తొక్కుతుంది.

కరెంటు వైపు పనిలో రాజీ లేదు. ఫ్యూజ్ ఉండాలి, లైవ్ తీగల మీద స్లీవ్ ఉండాలి, ఎర్త్ తీగను ఛాసిస్‌కు (లోహపు పెట్టెకు) రంగు గీకిన చోట నట్టు, పళ్ల వాషర్‌తో బిగించాలి. హమ్ పోతుందని ప్లగ్‌లో ఎర్త్ తీసేయమని ఎవరు చెప్పినా వినకండి. లోపల తీగ ఊడి బాడీకి తగిలిన రోజు, మైక్ పట్టుకున్న గాయకుడికి షాక్ కొడుతుంది. ప్రాణాలు పోతాయి.

ఈ పనికి ధైర్యం చాలకపోతే బయటి అడాప్టర్ నుంచి ఏసీ తీసుకునే డిజైన్ ఎంచుకోండి. అందులో చిన్నతనమేమీ లేదు.

హమ్ పోవడం లేదు. ఎక్కడ వెతకాలి?

ముందు అది ఏ హమ్మో వినండి. కరెంటు ఫ్రీక్వెన్సీ 50 లేదా 60 హెర్ట్జ్. మెత్తగా, లోతుగా ఆ స్వరమే వినిపిస్తే అది ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం నుంచో, రెండు పరికరాల మధ్య గ్రౌండ్ లూప్ (గ్రౌండ్ తీగలు చుట్టుగా కలవడం) నుంచో వస్తోంది. 100 లేదా 120 హెర్ట్జ్‌తో, గరగరలాడుతూ ఉంటే అది మీ సప్లైలోని రెక్టిఫయర్ పని. ఫిల్టర్ కెపాసిటర్ ఛార్జ్ అయ్యే పల్స్ కరెంటు, సిగ్నల్ గ్రౌండ్ తీగలోంచి పోతోందన్నమాట.

తర్వాత కేబుళ్లన్నీ తీసేసి ఇన్‌పుట్‌లో 150 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. హమ్ మాయమైతే తప్పు పెట్టె బయట ఉంది. ఉంటే గెయిన్ నాబ్ తిప్పండి. దానితోపాటు పెరిగితే మొదటి దశలోకి చొరబడుతోంది, పెరగకపోతే నాబ్ తర్వాతి దశల్లోనో, అవుట్‌పుట్ గ్రౌండ్‌లోనో ఉంది. టొరాయిడ్ బోల్ట్ వదులు చేసి, పరికరం ఆన్‌లో ఉండగా లైవ్ భాగాలు తగలకుండా ట్రాన్స్‌ఫార్మర్‌ను మెల్లగా తిప్పి చూడండి. ఒక కోణంలో హమ్ అమాంతం పడిపోతే అక్కడే బిగించేయండి. అన్నట్టు, ఆ బోల్ట్ రెండు కొసలూ ఛాసిస్‌కు తగలకూడదు. తగిలితే అది ఒక షార్ట్ చుట్టుగా మారి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

పెట్టె లోపల గ్రౌండ్ విషయంలో నేను పాటించే పద్ధతి ఇది. రెండు ఫిల్టర్ కెపాసిటర్ల మధ్య బిందువుకు ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ తీగ మాత్రమే వస్తుంది. అక్కడి నుంచి ఒకే ఒక్క తీగ రెగ్యులేటర్ గ్రౌండ్‌కు పోతుంది. ఆడియో బోర్డుల గ్రౌండ్‌లన్నీ రెగ్యులేటర్ దగ్గర నుంచే బయల్దేరతాయి. ఇలా చేస్తే ఛార్జింగ్ పల్సులు సిగ్నల్ తీగలోకి అడుగుపెట్టవు.

ఎక్స్‌ఎల్‌ఆర్ ఒకటో పిన్‌ను బోర్డు గ్రౌండ్‌కు కలపడం చాలా పరికరాల్లో కనిపించే తప్పు. కేబుల్ షీల్డ్‌లో పారే చెత్త కరెంటు అప్పుడు సిగ్నల్ గ్రౌండ్‌లోంచి నడుస్తుంది. ఆడియో ఇంజినీర్ నీల్ మన్సీ 1995లో దీన్ని పిన్ 1 సమస్య అని వివరించారు. తర్వాత ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ వారి ఏఈఎస్48 ప్రమాణం కూడా అదే చెప్పింది: ఒకటో పిన్ అతి పొట్టి దారిలో నేరుగా ఛాసిస్‌కు పోవాలి. సిగ్నల్ గ్రౌండ్‌ను ఛాసిస్‌కు వేరే ఒక చోట కలపండి. కొన్నేళ్లుగా పోని హమ్ ఈ ఒక్క తీగ మార్పుతో పోవడం నేను కళ్లారా చూశాను.

బ్యాలెన్స్‌డ్ అంటే రెండు తీగల్లో ఎదురెదురు సిగ్నల్ ఉండటమేనా?

కాదు. బయటి రొద రెండు తీగల్లోనూ సమానంగా చేరి, ఇన్‌పుట్ దగ్గర కొట్టివేత జరగాలంటే రెండు తీగల ఇంపెడెన్స్ సమానంగా ఉండాలి. అంతే. కోల్డ్ పిన్‌లో సిగ్నల్ ఏమీ లేకుండా హాట్‌తో సమానమైన రెసిస్టర్‌ను గ్రౌండ్‌కు కలిపినా రొద అంతే బాగా పోతుంది. ఇన్‌పుట్ వైపు ఒక శాతం రెసిస్టర్లతో కట్టిన మామూలు డిఫరెన్షియల్ ఆంప్ (రెండు తీగల మధ్య తేడాను మాత్రమే పెంచేది) రొదను కొట్టేసే శక్తి, అన్నీ ఎదురు తిరిగితే 34 డెసిబెల్స్‌కు పడిపోవచ్చు. 0.1 శాతం రెసిస్టర్లతో అది 54కు తగ్గదు. డబ్బు ఖర్చు పెట్టదలిస్తే ఇక్కడ పెట్టండి.

ఆడియో గ్రేడ్ కెపాసిటర్లు, రెసిస్టర్లు కొనాలా?

రెసిస్టర్లకు ఒక శాతం మెటల్ ఫిల్మ్ చాలు. కెపాసిటర్లలో రకం ముఖ్యం, బ్రాండ్ కాదు. సిగ్నల్ దారిలో ఎక్స్7ఆర్ సిరామిక్ వాడకండి. వోల్టేజ్‌తోపాటు దాని విలువ మారుతుంది కాబట్టి డిస్టార్షన్ పుడుతుంది. చిన్న విలువలకు సీ0జీ సిరామిక్, ఫిల్టర్లకు పాలీప్రొపిలీన్ వాడండి. ఎలక్ట్రోలైటిక్‌ను తిట్టాల్సిన పనిలేదు. విలువ పెద్దగా ఉంటే దాని మీద సిగ్నల్ వోల్టేజ్ పడదు, పడకపోతే డిస్టార్షన్ లేదు. 10 కిలో ఓమ్‌ల లోడ్‌కు 10 మైక్రోఫారడ్లతో లెక్క సరిపోయినా నేను 47 వేస్తాను. వేడికి మాత్రం దూరంగా పెట్టండి. ప్రతి 10 డిగ్రీలకు వాటి ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది.

కంప్రెసర్లలో ఏ రకం ముందు కట్టాలి?

గెయిన్ తగ్గించే భాగాన్ని బట్టి వాటి గుణం మారుతుంది. జిమ్ లారెన్స్ రూపొందించిన ఎల్‌ఏ-2ఏలో వెలుగునిచ్చే పలక, దాని ఎదుట కాడ్మియం సల్ఫైడ్ ఫొటో రెసిస్టర్ ఉంటాయి. పట్టు వదిలేటప్పుడు మొదటి సగం 60 మిల్లీసెకన్లలో, మిగతాది తీరిగ్గా వదులుతుంది. గొంతు మీద అది అంత సహజంగా ఉండటానికి కారణం ఈ రెండు వేగాలే. బిల్ పట్నం 1176లో ఎఫ్ఈటీ (ఒక రకం ట్రాన్సిస్టర్) పని చేస్తుంది, అటాక్ (పట్టు బిగించే వేగం) 20 మైక్రోసెకన్ల దాకా దిగుతుంది. రైన్ నార్మా ఫెయిర్‌చైల్డ్ 670లో వాల్వుల బయాస్ మారి గెయిన్ తగ్గుతుంది. 20 వాల్వులున్న ఆ యంత్రాన్ని మొదటి పనిగా తలపెట్టవద్దు. డేవిడ్ బ్లాక్‌మర్ దారి చూపిన వీసీఏ (వోల్టేజ్‌తో గెయిన్ మార్చే ఆంప్) రకం అన్నింటికంటే శుభ్రం, లెక్కకు లొంగేది.

మొదటిది 1176 తరహాదే కట్టమంటాను. పార్టులు దొరుకుతాయి, నేర్చుకోవడానికి అందులో చాలా ఉంది. ఎఫ్ఈటీ మీద సిగ్నల్ చాలా చిన్నగా ఉంచాలి, డ్రెయిన్ వోల్టేజ్‌లో సగాన్ని గేట్‌కు కలిపితే సరి హార్మోనిక్స్ తగ్గుతాయి. ఈ రెండూ చేత్తో చేసి చూస్తే ఎప్పటికీ మరచిపోరు. స్టీరియోకు రెండు కడితే ఎఫ్ఈటీలను కొలిచి జతపరచండి.

ఈక్యూ?

పీటర్ బాక్సాండల్ 1952లో ప్రచురించిన టోన్ కంట్రోల్‌తో మొదలుపెట్టండి. రెండు నాబులు, ఒక ఆప్ ఆంప్. పాత పుల్‌టెక్ ఈక్యూ తరహాకు ఇండక్టర్లు కావాలి, అవి హమ్‌ను పట్టుకుంటాయి, పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా పెట్టాలి.

500 సిరీస్ మాడ్యూల్ మేలా, సొంత పెట్టె మేలా?

500 సిరీస్ అంటే ఒకే ర్యాక్‌లో పక్కపక్కన గుచ్చే చిన్న మాడ్యూళ్లు. ర్యాక్‌లోనే ±16 వోల్టులు, 48 వోల్టులు దొరుకుతాయి కాబట్టి కరెంటు పని తప్పుతుంది. కొత్తవాళ్లకు మాడ్యూల్ మంచిది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, వాల్వులు కావాలంటే సొంత పెట్టె తప్పదు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ఏం చేయాలి?

ఆప్ ఆంప్‌లు సాకెట్లలో పెట్టకుండా సప్లై ఒక్కటే ఆన్ చేయండి. కరెంటు తీగకు వరుసగా 60 వాట్ల పాత రకం బల్బు, అంటే సీరీస్ ల్యాంప్, తగిలించండి. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతే క్షేమం, వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది. సప్లై వోల్టేజీలు సరిగ్గా ఉంటే ఆఫ్ చేసి చిప్‌లు పెట్టండి. ప్రతి అవుట్‌పుట్‌లో డీసీ చూడండి. ఆ తర్వాతే హెడ్‌ఫోన్.

కొలవడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. మంచి ఆడియో ఇంటర్‌ఫేస్, ఆర్‌ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్ ఉంటే ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్, డిస్టార్షన్, రొద చూడొచ్చు. ముందు ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే కలిపి కొలవండి. అప్పుడు ఏది ఇంటర్‌ఫేస్ తప్పో, ఏది మీ పరికరానిదో తేలుతుంది. వచ్చిన గ్రాఫ్‌లను తేదీ వేసి దాచుకోండి, రెండేళ్ల తర్వాత రిపేరుకు అవే ఆధారం.

వాల్వ్ పరికరాల్లో ప్రమాదం ఎంత?

లోపల 250 నుంచి 300 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో మిగిలే ఉంటుంది. 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీద 220 కిలో ఓమ్‌ల బ్లీడర్ రెసిస్టర్ పెడితే దాదాపు రెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. క్వార్టర్ వాట్ రెసిస్టర్ చాలదు, అది 0.4 వాట్లు ఖర్చు చేస్తుంది, వోల్టేజ్‌ను తట్టుకోలేకపోవచ్చు కూడా. 2 వాట్లది వేయండి. అది ఉన్నా సరే, చేయి పెట్టే ముందు మీటర్‌తో చూడండి. ఒంటరిగా ఉన్నప్పుడు, నిద్రమత్తులో ఉన్నప్పుడు ఆ పెట్టె తెరవకండి.

పాత పరికరాన్ని ఉన్నదున్నట్టు నకలు చేయొచ్చా?

నేర్చుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు. అయితే పేరు, లోగో, ముఖఫలకం రూపం వేరొకరివి. అమ్మే ఉద్దేశం ఉంటే వాటిని ముట్టుకోకండి. కొన్ని పార్టులు అప్పటివి ఇప్పుడు ఉండవు. ఎలక్ట్రానిక్స్‌లో ప్రమాదకర పదార్థాలను అదుపు చేసే యూరప్ ఆర్‌ఓహెచ్ఎస్ నియమాలు కాడ్మియాన్ని 0.01 శాతానికి పరిమితం చేశాయి, అందుకే పాత ఫొటో రెసిస్టర్లు దొరకడం కష్టమైంది. ప్రత్యామ్నాయం వాడితే అటాక్, రిలీజ్ వేగాలు మారతాయి, టైమింగ్ భాగాలను కొత్తగా లెక్కగట్టాలి. పాత ట్రాన్స్‌ఫార్మర్ బదులు వేరొకటి పెడితే దాని లోడ్ రెసిస్టర్, కెపాసిటర్ విలువలు డేటాషీట్ నుంచే తీసుకోండి, పాత స్కీమాటిక్‌లోవి ఉంచితే పై ఫ్రీక్వెన్సీల్లో మూపురం వస్తుంది. 10 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ పంపి, అంచుల్లో ఎగురుడు తగ్గేదాకా ఆ విలువలు సర్దండి.